రోజూ గీసినా కొందరికి బొమ్మలు ఎందుకు రావు?

ధనుర్మాసంలో విజయనగరంలో ఏ వీధిలోకి వెళ్లినా తెల్లారేసరికి వాకిళ్లలో ముగ్గులు సిద్ధంగా ఉంటాయి. పదిహేను చుక్కలు పెట్టి, చుక్కచుక్కనూ చుట్టుకుంటూ పోయే మెలికల ముగ్గుకు స్కేలు ఉండదు, రబ్బరు ఉండదు, చాలాసార్లు సరైన వెలుతురు కూడా ఉండదు. నడుం వంచి, వేళ్ల సందున పిండి జార్చుకుంటూ, ఒకే మందంతో, ఎక్కడా తెగకుండా గీత లాగేస్తారు. ఆ ముగ్గు వేసినావిడకే కాగితం, పెన్సిల్ ఇచ్చి ఎదురుగా ఉన్న స్టీలు గ్లాసు గీయమనండి. "నాకు బొమ్మలు రావు బాబూ, చెయ్యి తిరగదు" అంటారు.

చెయ్యి తిరగకపోవడమేమిటి! అంత పొడవు గీతను అంత అదుపులో పెట్టగలిగిన చేతికి గ్లాసు ఒక లెక్కా? ఇబ్బంది మరెక్కడో ఉంది. అదెక్కడో తేల్చుకోకుండా మొదలుపెడితే, రోజూ గంటసేపు కూర్చున్నా ఏడాది తర్వాత కూడా అదే గ్లాసు, అదే వంకర. తేల్చుకుంటే రోజుకు ఇరవై నిమిషాలతోనే పని జరుగుతుంది.

గ్లాసు మూతి గుండ్రంగా ఉంటుందని మనకు తెలుసు. కానీ బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని చూస్తే కంట్లో పడే ఆకారం గుండ్రం కాదు, అణిగిపోయిన దీర్ఘవృత్తం. మెదడు ఆ అణిగిన ఆకారాన్ని ఉన్నదున్నట్టు మన ముందు పెట్టదు. ఇది గుండ్రటి మూతే, వాలుగా కనిపిస్తోందంతే అని సర్దేసి, ఆ సర్దిన రూపాన్నే చూపిస్తుంది. 1931లో రాబర్ట్ థౌలెస్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని పరీక్షించి చూశాడు. వాలుగా పెట్టిన వృత్తం కంటికి ఎలా కనిపిస్తోందో చూపమంటే, జనం అసలు కంట్లో పడే ఆకారం కంటే గుండ్రటిదాన్నే చూపించారు. తెలిసిన రూపం వైపు చూపు జరిగిపోతోందన్నమాట.

ఈ సర్దుబాటు లేకపోతే మనకు రోజు గడవదు. అది లేకుంటే విజయనగరం గంటస్తంభం దగ్గర ఎదురొచ్చే ఆటో క్షణక్షణానికీ ఉబ్బిపోతున్నట్టు అనిపిస్తుంది. తలుపు తీస్తుంటే చెక్క కుంచించుకుపోతున్నట్టు ఉంటుంది. బతకడానికి మేలు చేసే ఈ ఏర్పాటే బొమ్మ దగ్గర అడ్డం పడుతుంది. కొత్తగా గీసేవాళ్లు గ్లాసు మూతిని కనిపించేదానికంటే గుండ్రంగా గీస్తారు. అడుగు బల్లకు ఆని ఉందని తెలుసు కాబట్టి అక్కడ తిన్నటి గీత కొట్టేస్తారు. నిజానికి అడుగు కంటి ఎత్తుకు ఇంకా దిగువన ఉంది కాబట్టి, మూతి వంపు కంటే అడుగు వంపే ఎక్కువ గుండ్రంగా కనిపించాలి. రెండు తప్పులూ కలిసేసరికి గ్లాసు మూతిని ఒక ఎత్తు నుంచి, అడుగును మరో ఎత్తు నుంచి చూసినట్టు తయారవుతుంది. ఏదో తేడాగా ఉందని ఇంట్లో అందరికీ తెలుస్తుంది కానీ, ఆ తేడా ఏమిటో ఎవరూ చెప్పలేరు.

మరి ఇందులో చేతి వాటా ఎంత? 1997లో డేల్ కోహెన్, సుసాన్ బెన్నెట్ అనే అమెరికన్ పరిశోధకులు ఈ ప్రశ్ననే తీసుకున్నారు. వస్తువును తప్పుగా చూడటం, ఏది గీయాలో ఏది వదలాలో తెలియకపోవడం, చేతికి అదుపు లేకపోవడం, గీసిన బొమ్మలో తప్పు కనిపించకపోవడం అనే నాలుగు కారణాలనూ విడివిడిగా పరీక్షించారు. వస్తువును తప్పుగా చూడటమే ప్రధాన కారణమని తేల్చారు. చేతిది చెప్పుకోదగ్గ తప్పు కాదన్నారు. ముగ్గులేసే ఆవిడను అడిగినా ఇదే తేలేది.

అలాగైతే చిత్రకారులకు మెదడు ఈ సర్దుబాటు చేయదా? చేస్తుంది. 2011లో ఫ్లోరియన్ పెర్‌డ్రో, పాట్రిక్ కెవనాగ్ పరీక్షించి చూస్తే, చేయి తిరిగిన చిత్రకారుల కళ్లు కూడా మామూలు వాళ్లలాగే మోసపోయాయి. నాకు ఈ ఫలితం ఎంతో ధైర్యాన్నిస్తుంది. చిత్రకారుడికి వేరే కన్ను ఏమీ ఉండదు. సర్దుబాటును పక్కకు తప్పించి కొలుచుకునే కొన్ని ఉపాయాలు వాళ్లకు అలవాటయ్యాయి, అంతే. ఆ ఉపాయాలు ఎవరైనా నేర్చుకోవచ్చు. రోజూ సాధన చేయాల్సింది వాటినే.

వాటి సంగతి చెప్పుకునే ముందు, చూపును పక్కదారి పట్టించే మరో అలవాటు గురించి కూడా చెప్పాలి. ఐదో తరగతి పిల్లవాడికి కాగితం ఇస్తే ఏం గీస్తాడు? రెండు కొండలు, మధ్యలో ఉదయించే సూర్యుడు, కొండల నుంచి దిగే ఏరు, పక్కన పూరిల్లు, ఒక కొబ్బరి చెట్టు, ఆకాశంలో మూడు అంకెను పడుకోబెట్టినట్టు పక్షులు. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున ఇల్లున్న పిల్లాడు కూడా కిటికీలోంచి కనిపించే ఏటిని వదిలేసి ఈ ఏటినే గీస్తాడు. ఒక్కో వస్తువుకూ ఒక్కో గుర్తు నేర్చుకుని దాన్నే వాడేస్తాం. కన్ను అంటే చేప ఆకారం, మధ్యలో సున్నా. ముక్కు అంటే రెండు చుక్కలు. ముఖం గీయమంటే పెద్దవాళ్లూ కళ్లను నుదుటి మీదికి ఎక్కించేస్తారు. అద్దం ముందు నిలబడి కొలుచుకోండి: నడినెత్తి నుంచి గడ్డం దాకా ఉన్న ఎత్తులో కళ్లు దాదాపు సరిగ్గా సగంలో ఉంటాయి. మనం మనిషితో మాట్లాడేటప్పుడు చూసేది కళ్లు, ముక్కు, నోరు కాబట్టి వాటికి ఎక్కువ చోటిచ్చి, నెత్తిని నొక్కేస్తాం.

గుర్తులతో గీయడం తక్కువ రకం కళ అనుకోకండి. సీతంపేట ఏజెన్సీలో సవరలు గోడల మీద వేసే బొమ్మల్లో మనుషులు, జంతువులు, చెట్లు అన్నీ గుర్తులే. దూరం, దగ్గర, నీడ అక్కడ ఉండవు. ఆ బొమ్మకు తనదైన లెక్క ఉంది, అది వేసేవాళ్లకు ఆ లెక్క తెలుసు. విజయనగరంలో ఎందరికో చిత్రకళ నేర్పిన అంత్యాకుల పైడిరాజు కూడా జానపద రూపాల వైపు మళ్లింది ఉన్నదున్నట్టు గీయడం రాక కాదు. చిక్కల్లా ఒకటి గీద్దామనుకుంటే మరొకటి వచ్చినప్పుడే.

ఇక "అది పుట్టుకతో రావాలి" అనే మాట. శ్రీకాకుళం అనగానే బొమ్మల విషయంలో గుర్తొచ్చే పేరు వడ్డాది పాపయ్య (వపా). 1921లో అక్కడే పుట్టారు, చందమామ ముఖచిత్రాలతో తెలుగు ఇళ్లన్నిటికీ చేరారు. ఆయన తండ్రి డ్రాయింగ్ మాస్టారు. ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో కుంచె కదులుతూ ఉండటం, తప్పును వెంటనే చూపించే మనిషి పక్కన ఉండటం ఎంత పెద్ద వసతో ఆలోచించండి. వపాకు ప్రతిభ లేదని నేననను. అయితే ఇంట్లో గురువు లేని మనం ఆ రెండో వసతిని, అంటే తప్పు పట్టుకోవడాన్ని, మనంతట మనమే ఏర్పాటు చేసుకోవాలి.

రోజూ గీయడం వేరు, రోజూ సరిచూసుకోవడం వేరు. మొదటిది మాత్రమే చేసేవాళ్లకు తప్పు కూడా బాగా అలవాటైపోతుంది. అందుకే ఇరవై నిమిషాల్లో గీతకు పన్నెండో పదమూడో ఇచ్చి, మిగతావి సరిచూడటానికి ఉంచండి.

ఏం గీయాలి? ఇంట్లో కదలని వస్తువు. చెంబు చాలా మంచిది. మూతి, మెడ, పొట్ట, అడుగు అన్నీ వేర్వేరు దీర్ఘవృత్తాలు. పెన్సిల్ నిలువుగా పట్టుకుని, చెయ్యి పూర్తిగా చాచి, మోచెయ్యి వంచకుండా, ఒక కన్ను మూయండి. పెన్సిల్ కొనను చెంబు మూతి దగ్గరికి తెచ్చి, అడుగు వచ్చేచోట బొటనవేలు ఆనించండి. అది ఎత్తు. అదే కొలతను అడ్డంగా తిప్పి పొట్ట వెడల్పుతో పోల్చండి. ఎత్తు, వెడల్పు సమానమా? ఒకటింబావు ఉందా? ఈ నిష్పత్తి ఒక్కటి కాగితం మీద సరిగ్గా పడితే చెంబు సగం వచ్చేసినట్టే. మోచెయ్యి వంచితే మాత్రం కొలత ప్రతిసారీ మారిపోతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఏటవాలు గీతలకు కూడా పెన్సిలే సాధనం: గీత వెంబడి పెన్సిల్ ఆనించినట్టు పట్టుకుని, ఆ వాలు మార్చకుండా కాగితం మీదికి దించాలి.

రెండో ఉపాయం ఖాళీలను గీయడం. టీకొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీ ఉంది. కుర్చీకి మెదడు దగ్గర ఎప్పటి నుంచో తయారైన బొమ్మ ఉంది, నాలుగు కాళ్లూ సమానంగా. కానీ కుర్చీ కాళ్ల మధ్య కనిపించే నేల ముక్కకు అలాంటి బొమ్మ లేదు. దానికి పేరే లేదు. అందువల్ల ఆ ముక్కను గీసేటప్పుడు మెదడు తనకు తెలిసింది జొప్పించలేదు, చచ్చినట్టు చూడాల్సిందే. ఆ ఖాళీలన్నీ సరిగ్గా గీస్తే కుర్చీ దానంతటదే తేలుతుంది. ఉద్దానం వైపు వెళ్తే కొబ్బరి తోటలో కూర్చుని మట్టల మధ్య ఆకాశం ముక్కలను మాత్రమే గీసి చూడండి. ఐదో తరగతి కొబ్బరి చెట్టు ఆ రోజుతో పోతుంది.

ఒక బొమ్మను తలకిందులుగా పెట్టి చూసి గీసే అభ్యాసం కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. తలకిందులైన ముక్కు ముక్కులా కనిపించదు, వంపులా కనిపిస్తుంది. దీన్ని చెప్పేవాళ్లలో చాలామంది కుడి మెదడు మేలుకుంటుంది, ఎడమ మెదడు నిద్రపోతుంది అంటారు. బొమ్మ గీసేటప్పుడు మెదడు రెండు సగాలూ పనిచేస్తాయి కాబట్టి ఆ కథను పట్టించుకోనక్కర్లేదు. అభ్యాసం మాత్రం పనికొస్తుంది.

కొత్తవాళ్లను బాగా భయపెట్టేది పర్‌స్పెక్టివ్, అంటే దూరాన్ని, దగ్గరను కంటికి కనిపించినట్టు కాగితం మీద చూపే పద్ధతి. 15వ శతాబ్దంలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో బ్రునెలెస్కీ అనే వాస్తుశిల్పి చేసి చూపితే, 1435లో ఆల్బెర్టీ నియమాలుగా రాసిపెట్టాడు. ఆ నియమాలన్నీ మొదటి రోజే వద్దు. కళింగపట్నం ఒడ్డుకు వెళ్లి నిలబడండి. సముద్రం, ఆకాశం కలిసే గీత మీ కంటి ఎత్తులో ఉంటుంది. ఇసుకలో కూర్చోండి, గీత కూడా మీతో పాటు దిగుతుంది. కంటి ఎత్తు గీత అంటే అదే. సముద్రం లేనిచోట కూడా అది ఉంటుంది, గోడల వెనక దాగి ఉంటుంది, అంతే. విజయనగరం కోట గోడ పక్కన నిలబడి పొడుగునా చూస్తే, కంటికి పైనున్న గోడ అంచు దూరం వెళ్లేకొద్దీ కిందికి దిగుతుంది, అడుగు అంచు పైకి లేస్తుంది. రెండూ ఆ కంటి ఎత్తు గీత వైపే పోతున్నాయి. అదే సూత్రం గంటస్తంభానికి వచ్చేసరికి ఇంకా బాగుంటుంది. ఎనిమిది పలకల కట్టడం కావడంతో పైన ఉన్న ప్రతి అంచూ విల్లులా పైకి వంగినట్టు కనిపిస్తుంది, పైకి వెళ్లేకొద్దీ ఆ వంపు పెరుగుతుంది. చెంబులో చూసిందే ఇక్కడ తిరగబడి కనిపిస్తుంది. చెంబు కంటికి దిగువన ఉంది, స్తంభం ఎగువన ఉంది.

షేడింగ్‌కు తొందరపడకండి. పడినా, ఇత్తడి చెంబుతో మాత్రం మొదలుపెట్టకండి. బుడితి ఇత్తడి ఎంత అందంగా ఉన్నా దాని మీద గదంతా ప్రతిఫలిస్తూ కొత్తవాళ్లను గందరగోళపెడుతుంది. మట్టి కుండో, కోడిగుడ్డో మేలు. ట్యూబ్‌లైట్ ఆర్పేసి, ఒకే కిటికీ పక్కన పెట్టి, కళ్లు సగం మూసి చూడండి. చిన్నచిన్న వివరాలు పోయి వెలుగు ముక్క, నీడ ముక్క మిగులుతాయి. అందరూ కుండ అంచును బాగా నల్లగా చేస్తారు. కానీ పరీక్షగా చూస్తే అన్నిటికంటే నల్లటి పట్టీ అంచుకు కాస్త లోపలే ఉంటుంది. బల్ల మీద పడిన వెలుతురు తిరిగి కుండ అంచుకు తగులుతుంది కాబట్టి అక్కడ నీడ కొంచెం పలచబడుతుంది. ఆ పలచని అంచును నల్లగా చేయకుండా వదిలిన రోజు కుండ గుండ్రంగా లేస్తుంది.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. పెన్సిల్ ములుకు గ్రాఫైట్, బంకమట్టి కలిపి చేస్తారు. మట్టి ఎక్కువైతే గట్టిగా, లేతగా పడే హెచ్ రకం, గ్రాఫైట్ ఎక్కువైతే మెత్తగా, నల్లగా పడే బీ రకం. స్టేషనరీ షాపులో నటరాజ్‌వో, అప్సరవో ఒక హెచ్‌బీ, ఒక 2బీ, ఒక 6బీ తీసుకుని, జిరాక్స్ సెంటర్లో వాడే ఏ4 కాగితాలు కొన్ని కొనుక్కుంటే చాలు. ఖరీదైన స్కెచ్ బుక్ కొంటే పేజీ పాడవుతుందనే టెన్షన్‌తో చెయ్యి బిగుసుకుంటుంది. మొదటి కొన్ని వారాలు రబ్బరు పక్కన పెట్టండి. చెరిపేస్తే తప్పు ఎక్కడ జరిగిందో ఆనవాలు పోతుంది. సన్నటి వెంట్రుకల్లా పది గీతలు పెట్టి ఒక గీత తేల్చే అలవాటు ఉంటే, చేతిని మణికట్టు నుంచి కాక భుజం నుంచి కదిపి, గాల్లో ఒకటి రెండుసార్లు ఆ దారి తిప్పి, తర్వాత ఒకే గీత వేయండి. ముగ్గేసేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

యూట్యూబ్ పాఠాల సంగతికొద్దాం. పాఠం ఆపుకుంటూ, మాస్టారు గీసినట్టే గీస్తే మంచి బొమ్మ వస్తుంది, ఇంట్లో మెచ్చుకుంటారు. కానీ మూడు కొలతల వస్తువును రెండు కొలతల కాగితం మీదికి దించే అసలు పని ఆయనే చేసేశాడు. మనం గీతకు గీత అప్పజెప్పాం. ఫొటో చూసి గీసినా ఇదే, కెమెరా ఆ పని చేసిపెట్టింది. పైగా ఫోన్‌తో మరీ దగ్గర నుంచి తీసిన ముఖంలో ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి, మనకది తెలియదు. అలాగని ఇతరుల బొమ్మలు చూసి గీయడం తప్పు కాదు. ఎక్కడ గీత ఆపాలి, ఏది వదిలేయాలి అనే నిర్ణయాలు అలాగే తెలుస్తాయి. నా లెక్కలో వారంలో ఐదు రోజులు ఎదురుగా ఉన్న వస్తువు, రెండు రోజులు ఎవరి బొమ్మైనా. దీన్ని తిరగేసినవాళ్లే, ఫోన్ ఛార్జింగ్ అయిపోతే ఏమీ గీయలేనంటారు.

రోజూ కూర్చోవడం ఎప్పటికి అలవాటవుతుంది? లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసి 2009లో వెలువరించిన అధ్యయనంలో, కొత్త పని అలవాటుగా మారడానికి దాదాపు 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. అందులో పనికొచ్చే విషయం, మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టం జరగలేదు. వంద రోజుల ఛాలెంజ్ మొదలుపెట్టి, పెళ్లికెళ్లి ఒక రోజు తప్పిపోగానే మొత్తం మానేసేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. అయితే ఆ అధ్యయనం నీళ్లు తాగడం, పండు తినడం, వ్యాయామం చేయడం లాంటి పనుల గురించి. కూర్చోవడం అలవాటవడానికి పట్టే రోజులు, బొమ్మ రావడానికి పట్టే రోజులు ఒకటి కావు. ఆదివారం మూడు గంటలు ఒకేసారి గీసేకంటే ఆ మూడు గంటలనే వారమంతా పరిస్తే ఎక్కువ నిలుస్తుందన్నది మాత్రం నేర్చుకోవడం మీద జరిగిన పరిశోధనల్లో పదేపదే తేలిన విషయం.

కదలని వస్తువులు కొంత పట్టుబడ్డాక మనుషుల దగ్గరికి వెళ్లొచ్చు. ఆర్టీసీ కాంప్లెక్స్ కంటే మంచి చోటు లేదు. బస్సు కోసం చూసేవాళ్లు కూర్చునే ఉంటారు, అయినా ఎప్పుడు లేస్తారో తెలియదు. అందుకే ముఖం జోలికి పోకుండా అర నిమిషంలో భంగిమ ఒక్కటే పట్టాలి: తల ఎటు వాలింది, నడుం ఎటు ఒరిగింది, బరువు ఏ కాలి మీద ఉంది. "ఏటి బాబూ, ఏటి గీస్తన్నావు?" అని ఎవరో ఒకరు వస్తారు. తర్వాత తమ మనవడి బొమ్మ గీయమంటారు. సిగ్గనిపిస్తే శ్రీముఖలింగం వెళ్లండి. గుడి గోడల మీది శిల్పాలు కదలవు, ఏమీ అడగవు, పొద్దు తిరిగేకొద్దీ నీడలు మాత్రం మారుతూ ఉంటాయి.

రెండు మూడు నెలలయ్యాక చాలామందికి బొమ్మలు మునుపటికంటే చెడ్డగా అనిపిస్తాయి. చాలామంది మానేసేది అప్పుడే. బొమ్మ దిగజారలేదు, చూపు చేతికంటే ముందుకు పోయింది. మొదటి వారంలో కనిపించని వంకర ఇప్పుడు కనిపిస్తోంది. అందుకే ప్రతి కాగితం మీద తేదీ వేసి ఉంచమంటాను. అప్పటి చెంబునే, అదే చోట పెట్టి మళ్లీ గీసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే సందేహం తీరుతుంది.

గురువు లేకుండా పట్టుకోలేని తప్పులు కొన్ని ఉంటాయి. బొమ్మంతా ఒక వైపు ఒరిగిపోవడం వాటిలో ముఖ్యమైనది. కాగితం బల్ల మీద పడుకోబెట్టి గీసేవాళ్లకు ఇది ఎక్కువ, ఎంతసేపు చూసినా కన్ను దాన్ని ఒప్పుకోదు. కాగితాన్ని అద్దంలో చూడండి, లేదా ఫోన్‌లో ఫొటో తీసి ఎడమ కుడిగా తిప్పండి. ఒరుగు వెంటనే బయటపడుతుంది. ఇంట్లోవాళ్లను అడిగేటప్పుడు కూడా "ఎలా ఉంది?" అనకండి, "బాగుంది" అనేసి వెళ్లిపోతారు. చెంబును, బొమ్మను పక్కపక్కన పెట్టి, "అమ్మా, ఇందులో చెంబు ఎటు ఒరిగింది? మెడ పొడుగైందా, పొట్టిదైందా?" అని అడగండి. రోజూ ముగ్గు వేసే మనిషైతే ఏ వైపు ఎంత ఒరిగిందో వేలు పెట్టి చూపిస్తుంది.